కేట్ వార్న్ మొదటి హత్య కేసు

డిటెక్టివ్ అనే మాటకు తెలుగులో ఏమంటారని మా తరగతిలో ఒకసారి చర్చ వచ్చింది. మా విద్యార్థులలో తెలుగునాట పుట్టిపెరిగిన వారు తక్కువ. ఎవరి ఇరుగుపొరుగు మాట వారు చెప్పారు. కన్నడంలో పత్తేదారి కాదంబరి అంటారని ఒకరు, తమిళంలో తుప్పఱియుమ్ నావల్ అంటారని ఒకరు, మరాఠీలో గుప్తహేర్ అని ఒకరు, ఒడియాలో గోఇందా అని మరొకరు. మనకు మాత్రం అపరాధ పరిశోధన అనే బరువైన సమాసం ఒకటి ఉన్నది. దాన్ని పుస్తకాల అట్టల మీద అచ్చువేశారే గాని నోటితో ఎవరూ అనలేదు. నోట డిటెక్టివ్ అనే అన్నారు. కూపీ లాగడం, ఆరా తీయడం, ఆచూకీ పట్టడం అని క్రియలు కావలసినన్ని ఉన్నాయి. ఆ పని చేసే మనిషికే పేరు లేదు.

అంతలో ఒక అమ్మాయి అడిగింది: డిటెక్టివ్ వచ్చాడు అని రాయాలా, డిటెక్టివ్ వచ్చింది అని రాయాలా? ఇంగ్లీషు వాక్యంలో క్రియకు లింగం లేదు కనుక అక్కడ ఈ చిక్కు రాదు. తెలుగులో వాక్యం ముగించాలంటే తేల్చుకోక తప్పదు. మద్రాసులో అచ్చయి రైల్వే స్టేషన్ల దుకాణాల్లో అమ్ముడుపోయిన ఆనాటి నవలల్లో దాదాపు ఎప్పుడూ వచ్చాడు అనే ఉంటుంది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ వచ్చాడు, చూశాడు, పట్టుకున్నాడు. మరి వచ్చింది అని రాయవలసిన మనిషి నిజంగా ఎప్పుడు వచ్చింది? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబుగా మొదలయింది. జవాబు ఆ అమ్మాయి అడిగినంత సులభంగా లేదు.

అమెరికాలో చికాగో నగరం. 1856. ఆలన్ పింకర్టన్ అనే ఆయన అక్కడ ఒక ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ నడుపుతున్నాడు. స్కాట్లండులోని గ్లాస్గోలో 1819లో పుట్టి, వలస వచ్చి, ఇలినాయ్ రాష్ట్రంలో పీపాలు చేసే వృత్తిలో బతికి, దొంగనోట్ల ముఠాను పట్టించి ఈ వ్యాపారంలోకి దిగిన మనిషి. ఆయన సంస్థకు గుర్తు తెరిచి ఉన్న ఒక కన్ను. తాము నిద్రపోము అన్నది దాని కింది మాట. ఆ కార్యాలయానికి ఒకనాడు వితంతువయిన ఒక యువతి ఉద్యోగం అడగడానికి వచ్చింది. పేరు కేట్ వార్న్. గుమాస్తా పని కోసం వచ్చిందనుకున్నాడు పింకర్టన్. కాదు, డిటెక్టివుగా తీసుకోమని అడిగింది. అప్పటికి అమెరికాలో ఏ పోలీసు శాఖలోనూ ఆడవాళ్ళు డిటెక్టివులుగా లేరు. న్యూయార్కు పోలీసులు ఇసబెల్లా గుడ్విన్‌కు ఆ హోదా ఇచ్చింది 1912లో, అంటే మరో 56 ఏళ్ళకు.

ఆమె చూపిన కారణాన్ని పింకర్టన్ తరువాత రాశాడు. మగ డిటెక్టివులు వెళ్ళలేని చోట్లకు ఆడమనిషి వెళ్ళగలదు. నేరస్థుల భార్యలతో, స్నేహితురాళ్ళతో చనువు సంపాదించగలదు. ఆడవాళ్ళ ముందు మగవాళ్ళు గొప్పలు చెప్పుకుంటారు; ఆ గొప్పల్లో నిజం బయటపడుతుంది. ఆయన ఒక రాత్రి ఆలోచించి మర్నాడు ఉద్యోగం ఇచ్చానంటాడు. ఆమె చెప్పినదంతా ఒక ఇంటి నిర్మాణం గురించిన మాట అని గమనించాలి. ముందు గది మగవాళ్ళది, లోపలి గది ఆడవాళ్ళది. రహస్యం ఉండేది లోపలి గదిలో. ఈ సంగతి మన ఇళ్ళలో పెరిగిన వారికి విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆమె పనిచేసిన హత్య కేసుల్లో మొదటిదని సాధారణంగా చెప్పేది డ్రైస్‌డేల్ కేసు. అమెరికా అంతర్యుద్ధానికి ముందు కాలం. పింకర్టన్ చెప్పిన కథ ప్రకారం, దక్షిణాదిన మిసిసిపీ రాష్ట్రంలో ఆట్కిన్సన్ అనే ఊరు. అక్కడి బాంకులో జార్జి గోర్డన్ అనే యువకుడు నగదు గుమాస్తా. రాత్రిపూట బాంకులో పనిచేసుకుంటూ ఉండగా, చెల్లిన నోట్లను రద్దుచేసే సుత్తితో ఎవరో అతని తల పగలగొట్టారు. లక్షా ముప్పైవేల డాలర్లకు పైగా పోయింది. మనకు తెలియని మనిషిని రాత్రివేళ బాంకులోకి రానివ్వం కదా. తలుపు తీసింది గోర్డనే కనుక వచ్చినవాడు ఎరిగినవాడే. నెలలు గడిచినా స్థానికులకు ఏమీ దొరకలేదు. అప్పుడు బాంకువారు చికాగోకు కబురు పెట్టారు.

పింకర్టన్ తానే పత్తి వ్యాపారి వేషంలో ఆ ఊరు వెళ్ళాడు. శవం దగ్గర దొరికిన రక్తపు మరకల కాగితం మీద వేసిన అంకెలు, పొయ్యిలో కాలగా మిగిలిన కాగితపు ముక్కలు చూసి, చేతిరాత పోల్చుకుని, అనుమానాన్ని డ్రైస్‌డేల్ అనే మనిషి మీదికి తెచ్చాడు. అతను కౌంటీ కచేరీలో గుమాస్తా, భూస్వామి, హతుడికి మిత్రుడు, ఊళ్ళో మంచిపేరున్నవాడు. ఆ రుజువులతో కోర్టుకు వెళితే నిలవదని పింకర్టన్‌కు తెలుసు. పైగా డబ్బు ఎక్కడుందో తెలియదు.

అందుకని ముగ్గురిని పంపాడు. ఒకరు టిమొతీ వెబ్‌స్టర్. మారుపేరుతో వెళ్ళి డ్రైస్‌డేల్‌కు స్నేహితుడయాడు. రెండవవాడు గ్రీన్ అనే కుర్రవాడు. చనిపోయిన గోర్డన్ పోలికలు అతనిలో ఉన్నాయి. మూడవ వ్యక్తి కేట్ వార్న్. ఆమె మిసెస్ పాటర్ అనే పేరుతో, ఆరోగ్యం కోసం దక్షిణాదికి వచ్చిన సంపన్న మహిళగా ఆ ఊళ్ళో దిగింది. డ్రైస్‌డేల్ భార్యతో పరిచయం చేసుకుంది. ఒకనాడు ప్రమాదంలో గాయపడినట్టు నటించి, ఆ ఇల్లాలి ఆదరణతో ఆ ఇంట్లోనే మంచం ఎక్కింది. లోపలి గది చేరింది.

తరువాతి కథ నాటకంలా నడుస్తుంది. చీకటిపడ్డాక గ్రీన్ తలకు దెబ్బతగిలిన గోర్డన్ వేషంలో డ్రైస్‌డేల్ కంటపడతాడు. పక్కనే ఉన్న వెబ్‌స్టర్ తనకేమీ కనిపించలేదంటాడు. ఇంటిలోపల రాత్రికి రాత్రి రక్తపు చుక్కలు పడతాయి. చల్లింది మిసెస్ పాటర్. డ్రైస్‌డేల్ తిండి మానేస్తాడు, చిక్కిపోతాడు. అప్పుడు ఎవరూ అనుకోనిది జరుగుతుంది. అతను నిద్రలో లేచి నడవడం మొదలుపెడతాడు. ఇంటిలోపల నుంచి ఆమె, బయట నుంచి మిగిలినవారు కనిపెడతారు. నిద్రలోనే అతను వాగు దగ్గరికి వెళతాడు, వెతుక్కుంటాడు, తిరిగివచ్చి పడుకుంటాడు. అక్కడ తవ్వితే పోయిన బంగారు నాణేలు దొరుకుతాయి. చివరికి అతన్ని పట్టుకుని హత్య జరిగిన బాంకు గదికే తీసుకువస్తారు. గోర్డన్ కుర్చీ దగ్గర గోర్డన్ లేచి నిలబడతాడు. డ్రైస్‌డేల్ కూలిపోయి నేరం ఒప్పుకుంటాడు. తరువాత ఏకాంతం దొరకగానే తనను తాను కాల్చుకుని చనిపోతాడు. నిద్రపోము అని బోర్డు పెట్టుకున్న సంస్థకు ఈ కేసు నిద్రలో నడిచిన మనిషి వల్ల తేలిందన్నమాట. పుస్తకం పేరులో కూడా పింకర్టన్ ఆ నిద్రలో నడిచేవాణ్ణే ముందు పెట్టాడు.

కథ బాగుంది. మా అభిప్రాయంలో కొంచెం ఎక్కువ బాగుంది. చరిత్ర చదువుకునేవారు ఇక్కడ ఆగి అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

ఈ పుస్తకం అచ్చయింది 1875లో. కేట్ వార్న్ 1868 జనవరి 28న న్యుమోనియాతో చనిపోయింది. అంటే కథ వెలువడేనాటికి ఆమె పోయి ఏడేళ్ళు. సంస్థ చికాగో కార్యాలయంలోని కాగితాలు చాలావరకు 1871 అక్టోబరులో ఆ నగరాన్ని దహించిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. పింకర్టన్‌కు 1869లో పక్షవాతం వచ్చింది. 1874 నుంచి ఆయన పేరుతో వరుసగా వచ్చిన కేసుల పుస్తకాలను చాలావరకు ఇతరులు రాసిపెట్టారని చరిత్రకారులు భావిస్తారు. ఆట్కిన్సన్ అన్న ఊరి పేరు కల్పితమనే అనుకుంటారు. కాబట్టి కేట్ వార్న్ మొదటి హత్య కేసు గురించి మనకు ఉన్న సాక్ష్యం ఒక్కటే: ఆమె యజమాని, ఆమె మరణం తరువాత, అమ్మకానికి చెప్పిన కథ. ఆ కేసు గురించి ఆమె సొంత మాట ఒక్కటి కూడా మన చేతికి రాలేదు.

అదే సంపుటంలో రెండవ కథ ఒకటి ఉంది. అందులో హంతకుడు భార్యకు విషం పెట్టిన మనిషి. కేట్ వార్న్ అందులో లుసిల్ అనే జ్యోతిష్కురాలి వేషం వేసి, అతని ప్రియురాలి నోటినుంచి నిజం రాబడుతుంది. ఇక్కడా దయ్యం కాకపోతే జాతకం. రెండింటిలోనూ కీలకం మూఢనమ్మకాన్ని వాడుకోవడం. ఒకే రచయిత ఒకే పాకాన్ని రెండుసార్లు వండాడా, లేక ఆ సంస్థ నిజంగానే ఆ పద్ధతిలో పనిచేసేదా? రెండూ కావచ్చు. మన దేశపు సాక్ష్య చట్టం ఆ పుస్తకానికి మూడేళ్ళ ముందు, 1872లో వచ్చింది. బెదిరింపు, ప్రలోభం, వాగ్దానం వల్ల పుట్టిన ఒప్పుకోలు చెల్లదని అందులో 24వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ సూత్రం కొనసాగుతున్నది. దయ్యం వేషం బెదిరింపు కిందికి వస్తుందా అన్నది న్యాయశాస్త్ర విద్యార్థులకు వదిలిపెడుతున్నాం. డ్రైస్‌డేల్ బతికి ఉంటే అతని న్యాయవాది అడగవలసిన మొదటి ప్రశ్న అది.

అయితే కల్పన పాలు ఎంత ఉన్నా కేట్ వార్న్‌ను కల్పిత వ్యక్తి అనడానికి వీలులేదు. 1858లో ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ అనే సరుకు రవాణా కంపెనీలో మొదలయిన కేసు ఉన్నది. ఆలబామాలోని మాంట్‌గమరీ ఊళ్ళో ఆ కంపెనీ ఏజెంటు నాథన్ మరోనీ. పోయింది దాదాపు 40,000 డాలర్లు. కంపెనీ నిజం, ముద్దాయి నిజం, జైలుశిక్ష నిజం. అక్కడ కేట్ వార్న్ ఫోర్జరీ చేసినవాడి భార్యగా నటించి, పెన్సిల్వేనియాలో ఉన్న మరోనీ భార్యకు ప్రాణస్నేహితురాలయింది. సొమ్ములో 39,515 డాలర్లు తిరిగివచ్చాయి. 1861 ఫిబ్రవరిలో, అధ్యక్షుడుగా ఎన్నికయి ఇంకా ప్రమాణం చేయని ఏబ్రహాం లింకన్‌ను బాల్టిమోరులో చంపే కుట్ర జరుగుతున్నదని పింకర్టన్ నమ్మినప్పుడు, ఆ ఊరికి వెళ్ళినవారిలో ఆమె ఉన్నది. 22వ తేదీ రాత్రి ఫిలడెల్ఫియాలో బయలుదేరిన రైలులో, జబ్బుపడిన తన అన్నదమ్ముడి కోసమని చెప్పి పడక బెర్తులు తీసుకున్నది ఆమే. ఆ జబ్బు సోదరుడు లింకన్. ఆ కుట్ర ఎంతవరకు నిజమన్న వాదం చరిత్రకారుల్లో ఇంకా ఉంది. ఆ రైలు ప్రయాణం మీద వాదం లేదు. ఆ కేసు పద్దులకు 1866లో లింకన్ జీవితచరిత్ర రాస్తున్న హెర్న్‌డన్ కోసం నకలు తీశారు. అందుకని అవి అగ్నికి దక్కకుండా మిగిలి 1949లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో ఆమె ఎం. బి. అనే రెండు పొడి అక్షరాలు. 1860 నుంచి సంస్థలో ఆడ డిటెక్టివుల విభాగానికి ఆమే అధికారి.

బాల్టిమోరు పనిలో భాషాశాస్త్రం చదివిన మమ్మల్ని ఆకర్షించే వివరం ఒకటి ఉన్నది. అక్కడ ఆమె దక్షిణాది మహిళగా చలామణీ అయింది, దక్షిణాది యాసలో మాట్లాడి. పుట్టింది ఉత్తరాన, న్యూయార్కు రాష్ట్రంలోని ఎరిన్ అనే ఊరని చెబుతారు. దుస్తులు మార్చడం ఒక ఎత్తు, అచ్చుల దీర్ఘం మార్చడం ఇంకో ఎత్తు. ఇంట్లో ఒక యాస, బడిలో ఒక యాస, బజారులో పూర్తిగా వేరే భాష మాట్లాడుతూ పెరిగిన మా పాఠకులకు ఆ నేర్పు విలువ తెలుసు. హోసూరులోనో బరంపురంలోనో పెరిగిన పిల్లవాడు విజయవాడ బంధువుల ఇంట్లో ఒక్క మాట జారితే పట్టుబడిపోతాడు. అక్కడ పోయేది పరువు. బాల్టిమోరులో పట్టుబడితే పోయేది ప్రాణమే కావచ్చు. డ్రైస్‌డేల్ కేసులో ఆమెతో పనిచేసిన టిమొతీ వెబ్‌స్టర్‌ను 1862 ఏప్రిల్‌లో రిచ్‌మండ్ నగరంలో గూఢచారిగా ఉరితీశారు.

ఇక డ్రైస్‌డేల్ కథలో అచ్చులో ఉండీ కనిపించనివారి సంగతి. ఆ ఇల్లు మిసిసిపీ భూస్వామి ఇల్లు. 1860 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో 7,91,305 మంది ఉంటే వారిలో 4,36,631 మంది బానిసలు. ఆ ఇంట్లో దీపం వెలిగించింది, మంచం పరిచింది, రక్తపు చుక్కలు కడిగింది ఎవరయి ఉంటారు? యజమాని రాత్రి లేచి నడుస్తున్నాడన్నది అందరికన్నా ముందు ఎవరికి తెలిసి ఉంటుంది? పింకర్టన్ ఆ ప్రశ్న వేయడు. వేసినా లాభం లేదు. తెల్లవారికి వ్యతిరేకంగా నల్ల బానిస సాక్ష్యం అక్కడి కోర్టుల్లో చెల్లదు. ఇంట్లో కళ్ళున్నవారు ఎందరున్నా చట్టానికి కనిపించే కన్ను కావాలంటే చికాగో నుంచి ఒక తెల్లమహిళను పంపవలసి వచ్చింది. పింకర్టన్ స్వయంగా బానిసత్వానికి విరోధి. పారిపోయి వచ్చిన బానిసలకు ఆశ్రయమిచ్చినవాడు, 1859లో జాన్ బ్రౌన్‌ను చికాగోలో ఆదుకున్నవాడు. అలాంటి మనిషి చెప్పిన కథలోనూ వారు తెర వెనక నీడలు మాత్రమే.

కథలో మమ్మల్ని ఇంకా బాధించేది డ్రైస్‌డేల్ భార్య. ఆమెకు భర్త నేరం తెలియదు. దెబ్బతగిలిన పరాయి ఆడమనిషిని ఇంట్లోకి తెచ్చుకుని సేవచేసింది. అదే ఆమె చేసిన పొరపాటు. మరోనీ భార్య, జ్యోతిష్కురాలిని నమ్మిన స్త్రీ, బాల్టిమోరు ఇళ్ళలోని స్త్రీలు, ఈమె, అందరినీ వరసగా పెట్టి చూస్తే కేట్ వార్న్ ఆయుధం ప్రతిసారీ సాటి ఆడదాని నమ్మకమే. ఉద్యోగం అడిగిన రోజున ఆమె ఇచ్చిన మాట అదే, దాన్ని నిలబెట్టుకుంది. మగవాళ్ళకు మూసి ఉన్న తలుపు తెరిచిందని ఆమెను మెచ్చుకునే వ్యాసాలు చాలా వచ్చాయి. ఆ తలుపు లోపల ఉన్నవారు ఏమయ్యారో వాటిలో తక్కువగా ఉంటుంది. హతుడు గోర్డన్‌కు న్యాయం జరగాలి, నిజమే. ఆ ఇల్లాలు మిసెస్ పాటర్ ఎవరో తెలుసుకున్న రోజున ఏమనుకుందో పింకర్టన్ రాయలేదు. కేట్ వార్న్ ఏమనుకుందో అసలే రాయలేదు. మేము మనోభావాలను ఊహించే నవలాకారులం కాము గనుక ఇంతటితో ఊరుకుంటాం. కాని ఖాళీ ఉన్నచోట ఖాళీ ఉన్నదని గుర్తుపెట్టడం చరిత్ర రాసేవారి పనే.

ఆమె పేర్లను ఒకచోట రాసుకుంటే పెద్ద జాబితా అవుతుంది. మిసెస్ పాటర్, మిసెస్ బార్లీ, మిసెస్ చెర్రీ, మదాం ఇంబర్ట్, లుసిల్, కిట్టీ, ఎం. బి. వీటిలో వార్న్ అన్నది భర్త ఇంటిపేరు. ఆ భర్త ఎవరో నమ్మకంగా చెప్పే కాగితం లేదు. తమిళనాడులో స్థిరపడిన మన కుటుంబాల్లో తండ్రి పేరు తొలి అక్షరం ఇనిషియల్‌గా నిలిచి, ఇంటిపేరు కచేరీ కాగితాల్లోంచి జారిపోవడం తెలిసిందే. మూడు తరాల తరువాత తాతగారి ఊరు వెతుక్కునేవారు పెళ్ళి శుభలేఖలు, గుడిలో గోత్రనామాలు చూసుకోవలసి వస్తుంది. ఆడవారి విషయంలో అదీ ఉండదు. కేట్ వార్న్ విషయంలో పుట్టింటి పేరును నమ్మకంగా చెప్పే దారి మాకు దొరకలేదు.

చికాగోలో గ్రేస్‌లాండ్ శ్మశానవాటికలో పింకర్టన్ తన ఉద్యోగుల కోసం కొన్న స్థలంలో ఆమె సమాధి ఉన్నది. రాయి మీద ఇంగ్లీషులో ఇంటిపేరు చివరి అక్షరం ఒకటి తగ్గించి చెక్కారు. ఎవరి పొరపాటో. జీవితమంతా దొంగపేర్లతో పనిచేసిన మనిషికి చివరి పేరు కూడా సరిగ్గా రాలేదని అమెరికావారు రాసుకుంటారు. తెలుగులో రాస్తే ఆ తేడా కనిపించదు. ఆ అక్షరం ఉన్నా లేకపోయినా మనకు వార్న్ అనే వస్తుంది.

ప్రశ్న అడిగిన అమ్మాయికి మాత్రం ఇంత పొడుగు జవాబు చెప్పలేదు. డిటెక్టివ్ వచ్చింది అని రాయమన్నాం. 1856 నుంచి రాయవచ్చునన్నాం.